వరదపై అభిమాన చిత్రం గీసే ముందు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటివంటి కష్టకాలంలో అభిమాన హీరో బొమ్మ గీయాలనుకునేవారు, వరద నీరు తీసిందో లేదో, గల్లంతైనవారి కోసం గాలింపు ముగిసిందో లేదో ముందుగా తెలుసుకోవాలి.

వార్తాచిత్రాల్లోని బాధితుల ముఖాలను యథాతథంగా దించకూడదు. మెడలోతు నీటిలో పసిబిడ్డను ప్లాస్టిక్ తొట్టిలో ఉంచి మోసుకెళ్లే మామూలు మనిషి స్థానంలో హీరోను నిలబెడితే, ఆ సాహసం ఆ మామూలు మనిషిది కాకుండా పోతుంది. కండలు, పంచ్ డైలాగులు పుట్టినరోజు పోస్టరుకు అట్టిపెట్టుకోవచ్చు. ఇక్కడ నీటిచార పడిన గోడ, బురదలో తడిసిన పుస్తకాల సంచి చాలు.

విరాళాల కోసం ముఖ్యమంత్రి సహాయనిధి ఖాతా సంఖ్యను చేర్చేటట్లయితే, అధికారిక ప్రకటనతో ప్రతి అంకెనూ సరిచూసుకోవాలి. బాధితులెవరైనా నొచ్చుకుంటే వాదించకుండా బొమ్మను తొలగించాలి.