శిలాజం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: వాజంలో చెయ్యి

రాతి పొర వయసు ఎలా తెలుస్తుందో రెండో పాఠంలో చూశాం. ఈసారి ఎముకలు. పెన్సిలు, తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు మీ కుడిచేతిని తడిమి చూడండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక, భుజాస్థి. మోచేతి కింద ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడి అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. లోపల రెండు ఎముకలు కదులుతున్నట్టు తెలుస్తుంది. అవి రత్ని, అరత్ని. తర్వాత మణికట్టులో చిన్న ఎముకల గుంపు, చివర వేళ్లు. ఒకటి, రెండు, గుంపు, వేళ్లు: ఈ వరసను గీసుకోండి. కప్ప, బల్లి, గబ్బిలం, ఏది తీసుకున్నా మూలంలో ఇదే వరస.

ఇప్పుడు టిక్టాలిక్. చేప లక్షణాలూ, కాళ్లున్న జంతువుల లక్షణాలూ కలిసి ఉన్న జీవి శిలాజం ఇది. దీని వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. కెనడా ఉత్తర కొసన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో 2004లో నీల్ షుబిన్, టెడ్ డేష్లర్ బృందం దీన్ని బయటపెట్టింది. అది గుడ్డిగా తవ్వితే దొరికింది కాదు. సరైన వయసున్న డెవోనియన్ కాలపు (సుమారు 42 నుంచి 36 కోట్ల ఏళ్ల కిందటి) నది మేటలు ఎక్కడ పైకి తేలి ఉన్నాయో భూగర్భ పటాల్లో వెతికి, అక్కడికే వెళ్లారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. రెండో పాఠం ఎందుకు చదివామో ఇక్కడ అర్థమవుతుంది.

దాని ముందు వాజాన్ని (చేప ఈదే రెక్కను) మీ బొమ్మ పక్కన పెట్టి చదవండి. ఒక ఎముక ఉంది. రెండు ఎముకలు ఉన్నాయి. మణికట్టులా వంగగలిగే చిన్న ఎముకలూ ఉన్నాయి. వేళ్లు ఉండాల్సిన చోట మాత్రం చేపకుండే సన్నని కిరణాలే, అంటే వాజాన్ని చాపి ఉంచే పుల్లల్లాంటివి. ఒంటి నిండా పొలుసులు. అందుకే ‘ఇది చేపా, కాదా’ అని మొత్తంగా అడక్కండి. ఒక్కో భాగాన్ని విడిగా అడగండి.

మెడనూ అలాగే చదవాలి. ఈసారి ఇంటికి బొచ్చె చేప తెచ్చినప్పుడు, తల కొట్టకముందే మొప్పల మూత ఎత్తి చూడండి. వెనకే వంపు తిరిగిన గట్టి ఎముక ఉంటుంది. ముందు వాజం ఆ పట్టీకే కుదురుకుని ఉంటుంది. దాని పై కొస వెంట వేలు పోనిస్తే పుర్రె తగులుతుంది. చేప భుజం తలకే అతుక్కుని ఉందన్నమాట. తల ఒక్కటే తిప్పడం దానికి కుదరదు. టిక్టాలిక్‌లో భుజాన్ని పుర్రెకు కలిపే ఎముకలు లేవు, మొప్పల మూత ఎముకలూ లేవు. దానికి మెడ వచ్చేసింది. బల్లపరుపు తల, ఆ తల మీద కళ్లు, ఒంటిని వాజాల మీద పైకి ఎత్తగల భుజాలు: లోతు తక్కువ నీళ్లలో బతకడానికి ఇవన్నీ పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. టిక్టాలిక్‌ను మన ముత్తాతగా గీయకండి. పోలాండ్‌లోని జాహెల్మియే దగ్గర దొరికిన జాడలు సుమారు 39 కోట్ల ఏళ్ల నాటివి. 2010లో వాటిని నాలుగు కాళ్ల జంతువుల అడుగులుగా ప్రకటించారు. కాదనేవాళ్లూ ఉన్నారు. అవి నిజంగా అడుగులే అయితే, కాళ్లున్న జీవులు టిక్టాలిక్ కంటే ముందే తిరిగాయి. కాబట్టి దాన్ని పక్క కొమ్మ మీద పెట్టండి. చేప వాజం కాలుగా మారిన ఆ మార్పు ఏ మెట్ల మీదుగా సాగిందో చూపించడానికి సొంత తాతే కానక్కర్లేదు.

అభ్యాసం: కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటిది యూస్తెనోప్టెరాన్ అనే పాతకాలపు చేప: ఒకటి-రెండు ఎముకల వరస ఉంది, మెడ లేదు, కిరణాలున్నాయి. రెండోది టిక్టాలిక్, మీరే నింపండి. మూడోది 36.5 కోట్ల ఏళ్ల నాటి, కాళ్లున్న జీవి అకాంతోస్టెగా. గ్రీన్‌లాండ్‌లో జెన్నీ క్లాక్ బృందం 1987లో సేకరించిన ఎముకల్లో దాని ముందు కాలికి ఎనిమిది వేళ్లు కనిపించాయి. అయినా లోపల మొప్పలు, తోకకు చేప వాజం ఉన్నాయి. నీళ్లలోనే ఉండే జీవికి వేళ్లు ఏ పనికి వచ్చి ఉంటాయి? మీ ఊహను గడి కింద రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో తుంటి ఎముకతో పోల్చి చూద్దాం.