డెబ్బై దాటిన పెద్దలకు ఆయుష్మాన్ కార్డు

అనంతపురం పల్లెల్లో వయోవందన కార్డు, అంటే డెబ్బై ఏళ్లు నిండినవాళ్లకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు, ఎక్కువగా ఆగేది వేలిముద్ర దగ్గరే. ఏళ్ల తరబడి శెనక్కాయ కట్టె పీకిన చేతులు, గీతలరిగిపోయి మిషన్ మీద ముద్ర పడదు. తడిగుడ్డతో వేలు తుడిచి, ఆరాక మళ్లీ పెట్టించండి. పడకపోతే ముఖంతోనో కనుపాపతోనో ఈ-కేవైసీ (ఆధార్‌తో మీరెవరో సరిచూడటం) చేయమని అడగండి. ఓటీపీ అన్నిటికన్నా తేలిక. కాకపోతే ఆధార్‌లో ఉన్నది పాత నంబరైతే ఓటీపీ ఎక్కడికో పోతుంది. కార్డుకు వెళ్లేముందే ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించాలి.

వయసు ఆధార్ చూసే లెక్కిస్తారు. నిజానికి 72 ఉన్నా ఆధార్‌లో 68 అని ఉంటే కార్డు రాదు, ముందు అది సరిచేయించాలి. ఆదాయ పరిమితి లేదు. రేషన్ కార్డు లేదని వెనక్కి పంపితే ఆ మాట చెప్పండి.

ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేసుకోవచ్చు. 2024 అక్టోబరులో మొదలైన ఈ కార్డుతో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం; భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే అదే మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవాళ్లు అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉంటే అడ్డేమీ కాదు.

ఓపీ చీటీకి, ఉత్త మందులకు ఇది పనికిరాదు, ఆసుపత్రిలో చేరాల్సిందే. చేరేరోజే కార్డూ ఆధారూ హెల్ప్‌డెస్క్‌లో చూపండి. డబ్బు కట్టేశాక చూపితే తిరిగి రాబట్టడం కష్టం. డబ్బు అడిగితే 14555కు ఫోన్ చేయండి.