నలభైలో వెటర్నరీ సీటు – మూడో పాఠం: గంటల లెక్క

పోయిన పాఠంలో పాత మార్కుల జాబితాలు ముందేసుకుని కూర్చున్నాం. ఎప్పుడో చదివిన కెమిస్ట్రీకి అమెరికాలో కొన్ని వెటర్నరీ కాలేజీలు కాలం చెల్లిందంటాయని చూశాం. మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా, చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఉమ్మడి దరఖాస్తు వీఎంసీఏఎస్ పాత గ్రేడును చెరిపెయ్యదని, రెండూ కలిపే సరాసరి కడుతుందని కూడా చూశాం. అది చదివి నీరసపడ్డవాళ్లకు ఈ పాఠం కాస్త ఊరట. అనుభవం దగ్గర వయసు మనకే కలిసొస్తుంది, దాన్ని రాయడం చేతనైతే.

ముందు దరఖాస్తులో అనుభవం రాసే ఖానాలు తెలుసుకోండి. వెటర్నరీ డాక్టర్ పర్యవేక్షణలో చేసిన పని ఒక ఖానా. డాక్టర్ లేకుండా జంతువులతో చేసినది, అంటే దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్‌లోనో గుర్రాల కొట్టంలోనో పాడి ఫారంలోనో చేసినది, ఇంకో ఖానా. పరిశోధనకు, మామూలు ఉద్యోగాలకు వేరే చోట్లున్నాయి. షెల్టర్‌లో మీరు ఆదివారాలు బోనులు కడిగి, బుధవారాలు అక్కడికొచ్చే డాక్టర్ పక్కన నిలబడి ఆపరేషన్లకు సాయం చేశారనుకోండి. చోటు ఒకటే అయినా ఎంట్రీలు రెండు. అన్నీ ఒకే చోట కుక్కేస్తే, డాక్టర్ దగ్గర గడిపిన గంటలు బోనుల గంటల్లో కలిసిపోతాయి. ఇంట్లో పెంచుకున్న కుక్క గురించి ఇక్కడ రాయాలనిపిస్తుంది. వద్దు, దరఖాస్తు పెట్టే ప్రతివాడి ఇంట్లోనూ ఒక కుక్కుంటుంది.

గంటలు గుర్తుమీద వేయకండి. ఏడాదంతా శనివారాలు నాలుగేసి గంటలు వెళ్లానంటే 208 అని రాసేస్తాం. జ్వరమొచ్చిన శనివారాలు, పిల్లల పరీక్షలు, పండగలు కలిపి ఆరు పోయుంటే మిగిలింది 46 వారాలు, అంటే 184 గంటలు. తేడా చిన్నదే. కానీ ఎంట్రీలో పర్యవేక్షకుడి పేరు, ఫోను నంబరు కూడా ఇస్తాం. ఆయన్ని అడిగినా అదే అంకె రావాలి. బ్యాగులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, గంటలు, ఆరోజు చూసిన ఒక కేసు రాస్తే చాలు, రెండు నిమిషాల పని.

ఆ కేసు లైను ఎందుకో ఇప్పుడు చూద్దాం. నా మొదటి దరఖాస్తులో ఎంట్రీ ఇలా ఉండేది: ‘క్లినిక్‌లో డాక్టర్లకు వివిధ పనుల్లో సహాయపడ్డాను. జంతువుల సంరక్షణ గురించి ఎంతో నేర్చుకున్నాను.’ ఇది ఎవరైనా రాయొచ్చు, క్లినిక్ గడప తొక్కనివాళ్లు కూడా. రెండోసారి నోటుబుక్కు చూసి ఇలా మార్చాను: ‘ఆపరేషన్ అయిన కుక్కలు, పిల్లుల పక్కన మత్తు దిగేదాకా కూర్చుని శ్వాస, గుండె వేగం, ఉష్ణోగ్రత చూసి రాశాను. పంటి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. ఒకసారి అది ఆలస్యమైతే వెంటనే డాక్టర్‌ని పిలిచాను.’ సైజు పెరిగింది, నిజమే. కానీ ఏ జంతువు, మీ చేతులు ఏం చేశాయి, ఎప్పుడు డాక్టర్‌ని పిలవాలో మీకు తెలుసా అన్న మూడూ అందులో ఉన్నాయి. మీరు చూసింది మాత్రమే అయితే చూశానని రాయండి. చేశానని రాస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతాం.

పాత ఉద్యోగాన్ని దాచాల్సిన పని లేదు. పదిహేనేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషికి, బిల్లు చూసి కోపమొచ్చిన యజమానితో నెమ్మదిగా మాట్లాడటం కొత్త కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకు ఇది ఇంకా రాలేదు. అయితే ‘కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి’ అనకుండా, ఒక కౌంటరు సంఘటన రాయండి.

ఇక సిఫార్సు ఉత్తరాలు. వీఎంసీఏఎస్‌కు కనీసం మూడు కావాలి. చాలా కాలేజీలు అందులో ఒకటైనా వెటర్నరీ డాక్టర్ రాసినది ఉండాలంటాయి. ఇక్కడ నేను బోల్తా పడ్డాను. పెద్ద పేరున్న క్లినిక్ యజమానిని అడిగాను. ఆయనకు నేను తెలుసు, ఎదురుపడితే హలో చెప్పేంత. ఆ ఏడాది ఇంటర్వ్యూకి పిలుపే రాలేదు. తర్వాత కాలేజీకి ఫోన్ చేసి నా ఫైల్లో లోపమేంటని అడిగితే, ఉత్తరాల్లో మీరు కనబడలేదన్నారు. (సీటు రాకపోతే ఇలా అడగటానికి సిగ్గుపడకండి, చాలా కాలేజీలు చెబుతాయి.) మరుసటి ఏడాది ప్రతి శనివారం నాతో పనిచేసిన జూనియర్ డాక్టర్‌ని అడిగాను. ఆవిడ నాకంటే పన్నెండేళ్లు చిన్న. అడగటానికి మొహమాటమేసింది, కానీ నా పని చూసింది ఆవిడే. ఇంకో ఉత్తరం ఈమధ్య మీకు సైన్సు చెప్పిన లెక్చరర్‌ది ఉండేలా చూసుకోండి. పాతికేళ్ల కిందటి ప్రొఫెసర్‌కు మీ ముఖం గుర్తుండదు.

వయసు మాట ఎక్కడా సంజాయిషీలా ఎత్తకండి. అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, డబ్బు తీసుకునే సంస్థలు వయసు చూసి వివక్ష చూపకూడదని 1975లోనే చట్టం వచ్చింది. ఈ మనిషి ఇప్పుడు నాలుగేళ్లు చదవగలడా, ఈ పని ఎలా ఉంటుందో తెలిసే వస్తున్నాడా అన్న అనుమానం మాత్రం ఫైలు చదివేవాళ్లకు ఉంటుంది. నిన్నమొన్నటి గ్రేడు మొదటిదానికి, నిన్నమొన్నటి గంటలు రెండోదానికి జవాబు. అందుకే పదేళ్ల కిందటి 500 గంటలకంటే ఈ ఏడాది 184 గంటలకే నేను ఎక్కువ విలువిస్తాను.

దరఖాస్తు జనవరి ప్రాంతంలో తెరుచుకుని సెప్టెంబరు మధ్యలో మూసుకుంటుంది. క్లాసులు ఆ తర్వాతి ఏడాది ఆగస్టు ప్రాంతంలో మొదలు. ఈలోగా ఈ వారం అభ్యాసం: మీ అనుభవాల్లోంచి ఒకటి తీసుకుని పైన చెప్పినట్టు నాలుగు వాక్యాల్లో రాయండి. ‘ఎంతో’, ‘వివిధ’, ‘నేర్చుకున్నాను’ అన్న మాటలు వాడకూడదు. రాసింది ఆ క్లినిక్‌లో మీతో పనిచేసినవాళ్లకు చదివి వినిపించి, ‘అలా జరగలేదే’ అని వాళ్లు ఆపిన చోట దిద్దండి. ఆ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి, నాలుగో పాఠంలో వ్యాసాన్ని దానిమీదనుంచే మొదలుపెడతాం.