తడబడే కుర్ర ఫార్వర్డ్‌ని ఉంచాలా, ట్రేడ్ చేయాలా: తేల్చుకునే పద్ధతి

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో దాదాపు ప్రతి టీమ్‌లోనూ ఇలాంటివాడు ఒకడు ఉంటాడు. డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు, వయసు ఇరవై ఒకటో రెండో, అక్టోబర్‌లో వరసగా గోల్స్ కొట్టి నవంబర్ అంతా కనిపించకుండా పోతాడు, జనవరిలో ఒక వారం చూస్తే రేపటి స్టార్ వీడే అనిపిస్తాడు, ఫిబ్రవరి వచ్చేసరికి కోచ్ నాలుగో లైన్‌కి, అంటే అందరికంటే తక్కువ ఆడే ముగ్గురి గుంపుకి, దింపేస్తాడు. అభిమానులు వెంటనే రెండు వర్గాలైపోతారు. ఇంకో రెండేళ్ళు ఆగాలని ఒక వర్గం, విలువ ఉండగానే వదిలించుకోవాలని ఇంకో వర్గం. ఒక్కో కుర్రాడి విషయంలో ఒక్కో వర్గం కరెక్ట్ అవుతుంది, అందుకే ఈ గొడవ ఎప్పటికీ తెగదు. మీ టీమ్ కుర్రాడు ఏ రకమో పట్టుకోవడానికి ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో చెబుతాను.

ముందు చూడాల్సింది, ఊగుతున్నది పాయింట్లా (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) లేక ఆటా అని. ఈ రెండూ ఒకటి కాదు, కానీ తొంభై శాతం వాదనలు వీటిని కలిపేసే జరుగుతాయి. చిన్న లెక్క వేయండి. మ్యాచ్‌కి రెండున్నర షాట్లు కొట్టి, పదింటిలో ఒకటి గోల్ చేసేవాడు 82 మ్యాచ్‌ల సీజన్‌లో సుమారు 20 గోల్స్ చేస్తాడు. అదే ఆటగాడు, అదే ఆట ఆడుతూ, ఏదో ఒక పది మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా లేకుండా ఉండే అవకాశం 7 శాతం దాకా ఉంటుంది. అంటే సీజన్ పొడవునా చూస్తే అలాంటి కరువు ఎక్కడో ఒకచోట రావడం మామూలే, దానికి కుర్రాడి మనసు, క్రమశిక్షణ, ఇంటి సమస్యలు అంటూ కథలు అల్లక్కర్లేదు. అలాగే 200 షాట్లు కొట్టేవాడికి ఒక ఏడు 16 గోల్స్, మరో ఏడు 24 గోల్స్ వస్తే ఆ తేడా మొత్తం పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎటు తగిలి ఎటు తిరిగిందన్న దానిలోనే ఉండొచ్చు.

కాబట్టి గోల్స్ పక్కన పెట్టి ఫైవ్ ఆన్ ఫైవ్‌లో (రెండు వైపులా అయిదుగురు ఉన్నప్పుడు) అతని షాట్లు, స్లాట్‌లోంచి (గోల్ ఎదుటి చోటు) వచ్చే ఛాన్సులు, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (ఆ ఛాన్సుల నాణ్యతని బట్టి రావాల్సిన గోల్స్) చూడండి. ఒక్కో మ్యాచ్ కాదు, ఇరవై ఇరవై ఐదు మ్యాచ్‌లు కలిపి చూడండి. అవి నిలకడగా ఉండి గోల్స్ మాత్రమే పైకీ కిందకీ పోతుంటే ఆ కుర్రాడికి నిలకడ లేదనడమే తప్పు, అతన్ని అమ్మాలన్న మాట కూడా ఎత్తకండి. ఇలాంటివాణ్ణి అమ్మమని అడుగుతూ ఫోన్ చేసే జీఎం (జనరల్ మేనేజర్) కూడా ఇవే అంకెలు చూసే చేస్తాడు.

ఇదే లెక్క రెండోవైపు కూడా పనిచేస్తుంది, జనం మర్చిపోయేది దాన్నే. నెయిల్ యాకుపోవ్‌ని 2012లో ఎడ్మంటన్ మొదటి నంబర్‌గా తీసుకుంది. లాకౌట్ వల్ల కుదించిన మొదటి సీజన్‌లో 48 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ కొట్టాడు, చూడ్డానికి అద్భుతం. కానీ కొట్టిన షాట్లలో దాదాపు ఐదో వంతు గోల్స్ అయ్యాయి, ఆ రేటు ఎవరికీ నిలవదు. తర్వాతి సీజన్‌లో 63 మ్యాచ్‌ల్లో 11 గోల్స్. 2016 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్‌కి పంపినప్పుడు తిరిగొచ్చింది ఒక మైనర్ లీగ్ ఆటగాడు, షరతులతో కూడిన ఒక డ్రాఫ్ట్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఒకరిని ఎంచుకునే వంతు). అమ్మదలిస్తే అమ్మాల్సిన సమయం ఆ 17 గోల్స్ తర్వాతి వేసవి. అప్పుడు ఆ మాట అన్నవాణ్ణి తరిమికొట్టేవాళ్ళనుకోండి, అది వేరే విషయం.

షాట్లు, ఛాన్సులు కూడా నిజంగానే ఊగుతుంటే అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఎందుకు ఊగుతున్నాయో వెతకాలి. ముందు దెబ్బలు. మణికట్టో భుజమో నొప్పితో ఆడుతున్నవాడి షాట్ బలం తగ్గుతుంది, నడుము కిందైతే స్కేటింగ్ తగ్గుతుంది, ఆ సంగతి టీమ్ సీజన్ అయ్యేదాకా బయటపెట్టదు. తర్వాత పక్కన ఎవరు ఆడుతున్నారో, ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడో, పవర్ ప్లేలో (ఎదుటి టీమ్‌లో ఒకరు శిక్షపడి బయట ఉన్నప్పుడు) ఏ యూనిట్‌లో ఉన్నాడో చూడండి. నెల నెలకీ లైన్ మారుతున్న కుర్రాడి అంకెలు నెల నెలకీ మారకుండా ఎలా ఉంటాయి? పదిహేడు నిమిషాలు మంచి సెంటర్ (లైన్ మధ్యలో ఆడేవాడు) పక్కన ఆడినప్పటి అంకెల్నీ, పది నిమిషాలు నాలుగో లైన్‌లో ఆడినప్పటి అంకెల్నీ పక్కపక్కన పెట్టి "చూశారా, నిలకడ లేదు" అనడం అన్యాయం.

పాత్ర ఎంత పెద్ద విషయమో టేజ్ థాంప్సన్ కథలో కనిపిస్తుంది. 2018 జులై 1న సెయింట్ లూయిస్ అతన్ని ర్యాన్ ఓరైలీ ట్రేడ్‌లో బఫెలోకి పంపింది. బఫెలోలో మొదటి సీజన్ 65 మ్యాచ్‌లు, 12 పాయింట్లు. ఆ తర్వాత ఏహెచ్‌ఎల్ (కింది స్థాయి లీగ్), భుజం దెబ్బ. పొడుగ్గా ఉంటాడు, షాట్ ఉంది, కానీ వింగ్‌లో (లైన్ పక్క వైపున) ఆటలోకి రాలేకపోయేవాడు. 2021-22లో కోచ్ డాన్ గ్రనాటో అతన్ని సెంటర్‌కి మార్చాడు. ఆ ఏడు 38 గోల్స్, మరుసటి ఏడు 47 గోల్స్, 94 పాయింట్లు. సామ్ బెనెట్ కూడా అంతే. 2014లో కాల్గరీ నాలుగో నంబర్‌గా తీసుకున్న ఆటగాడు, ఏడేళ్ళపాటు కింది లైన్లలో తిరిగి, 2021 ఏప్రిల్‌లో ఒక సెకండ్ రౌండ్ పిక్‌కి, ఎమిల్ హైన్‌మన్ అనే యువ ఆటగాడికి బదులుగా ఫ్లోరిడా చేరాడు. అక్కడ పై లైన్లలో సెంటర్‌గా పెట్టగానే సీజన్ చివరి 10 మ్యాచ్‌ల్లో 15 పాయింట్లు. 2025లో ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా అతనికే వచ్చింది.

అయితే ఈ రెండు పేర్లనీ ప్రతి కుర్రాడికీ తగిలించే అలవాటు మానుకోవాలి. పాత్ర మారగానే విరగబూసినవాళ్ళ పేర్లే మనకి గుర్తుంటాయి, మారినా ఏమీ కానివాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: మన టీమ్‌లో ఇతనికి నిజంగా మంచి పాత్రలో వరసగా ఇరవై మ్యాచ్‌లైనా దొరికాయా? దొరకలేదంటే ఇంకా తీర్పు చెప్పే స్థితిలో లేరు. దొరికి, తర్వాత కూడా మాయమవుతుంటే కుర్రాడి వైపు చూడండి.

కుర్రాడి వైపు చూడటమంటే హైలైట్స్ చూడటం కాదు. మూడు మ్యాచ్‌లు పూర్తిగా, అతని మీదే కళ్ళు పెట్టి చూడండి, ముఖ్యంగా అతను పాయింట్ కొట్టని మ్యాచ్‌లు. పక్ పోయాక వెనక్కి ఎలా తిరుగుతున్నాడు, నిలబడి చూసి తర్వాత కదులుతున్నాడా? షిఫ్ట్ (ఐస్ మీద ఒక విడత) 45 సెకన్లలో ముగిస్తున్నాడా, గోల్ కోసం నిమిషం దాటి ఐస్ మీదే ఉండి అలసిపోతున్నాడా? బోర్డ్స్ (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర కుస్తీలో పక్ గెలుస్తున్నాడా? స్కోర్ దగ్గరగా ఉన్నప్పుడు చివరి అయిదు నిమిషాల్లో కోచ్ అతన్ని ఐస్ మీదికి పంపుతున్నాడా? గోల్ రానప్పుడు కూడా ఈ పనులన్నీ చేసేవాడు టీమ్‌కి పనికొస్తాడు. వాలెరి నిచుష్కిన్ 2018-19లో డల్లాస్‌కి 57 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు, వాళ్ళు కాంట్రాక్ట్ బయౌట్ చేసి (కొంత డబ్బిచ్చి రద్దు చేసుకుని) పంపేశారు. పక్ కాపాడుకోవడం, ఫోర్‌చెక్ (ఎదుటివాళ్ళ వైపే వెంటపడి ఒత్తిడి పెట్టడం), డిఫెన్స్ అతనికి ముందునుంచీ ఉన్నాయి, కొలరాడో వాటినే చూసి చవగ్గా తీసుకుంది. 2021-22లో 25 గోల్స్, ఆ ఏడే స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్). గోల్స్‌తోపాటు మిగతా పనులు కూడా మాయమయ్యేవాడైతే, నా ఉద్దేశంలో, ట్రేడ్ గురించి గట్టిగా ఆలోచించాల్సింది అతని విషయంలోనే.

కాంట్రాక్ట్ సంగతి. ఎంట్రీ లెవెల్ డీల్ (కుర్రాడి మొదటి కాంట్రాక్ట్) మామూలుగా మూడేళ్ళు. అది ముగిశాక రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, క్వాలిఫైయింగ్ ఆఫర్ (నిర్ణీత కనీస జీతంతో కొత్త ఆఫర్) ఇస్తే హక్కులు టీమ్ దగ్గరే ఉంటాయి. పూర్తి స్వేచ్ఛ 27 ఏళ్ళకి, లేదా ఏడు సీజన్లు నిండాక, ఏది ముందైతే అది. ఈ రెండో ముక్క చాలామంది చూడరు. 18 ఏళ్ళకే లీగ్‌లోకి వచ్చినవాడు 25కే చేజారిపోవచ్చు. అందుకని వయసు 22 కదా, ఇంకా టైముంది అనుకునే ముందు సీజన్లు లెక్కపెట్టండి.

తేల్చుకోలేకపోతే రెండేళ్ళ బ్రిడ్జ్ డీల్ (పెద్ద కాంట్రాక్ట్‌కి ముందు చేసే చిన్నది) ఉండనే ఉంది. న్యూయార్క్ రేంజర్స్ అలెక్సీ లఫ్రెనియర్‌తో చేసింది అదే, 2020 మొదటి పిక్ అయినా ఏడాదికి 2.325 మిలియన్ డాలర్ల చొప్పున రెండేళ్ళు. రెండో ఏడు 2023-24లో 28 గోల్స్, 57 పాయింట్లు కొట్టాడు. 2024 అక్టోబర్‌లో ఏడేళ్ళకి, ఏడాదికి 7.45 మిలియన్లకి సంతకం చేయించారు, ఆ సీజన్‌లో 17 గోల్స్ వచ్చాయి. దీన్ని చూసి ఒక్క మంచి సీజన్‌కి పెద్ద డీల్ ఇవ్వకూడదు అనేస్తే, థాంప్సన్‌కి కూడా ఒకే ఒక్క 38 గోల్స్ సీజన్ తర్వాతే ఏడేళ్ళు, ఏడాదికి సుమారు 7.14 మిలియన్లు ఇచ్చారు, ఇప్పుడది కారుచౌక. తేడా ఎక్కడుందంటే, థాంప్సన్ ఆట మారింది, పొజిషన్ మారింది, షాట్లు పెరిగాయి. మళ్ళీ మొదటి ప్రశ్నకే వస్తున్నాం చూడండి, మారింది పాయింట్లా ఆటా అని. పైగా క్యాప్ (టీమ్ మొత్తం జీతాల గరిష్ఠ పరిమితి) మూడు సీజన్లు 81.5 మిలియన్ల దగ్గర కదలకుండా ఉన్న రోజులు పోయాయి. 2025-26కి 95.5 అయింది, 2026-27కి 104 ప్రకటించారు. ఆరేడు మిలియన్ల డీల్ ఒకటి తప్పినా ఇదివరకటంత నొప్పి ఉండదు, కాబట్టి కేవలం డబ్బు భయంతో కుర్రాణ్ణి వదులుకోవడానికి కారణం తగ్గింది.

ఇప్పుడు మార్కెట్. ఇక్కడ నా అభిప్రాయం మొండిది: కుర్రాడు దిగువన ఉన్నప్పుడు, కోపంలో, అయినకాడికి అమ్మకండి. టాంపా బే, జోనథన్ డ్రూయిన్ కథ చూడండి. ట్రేడ్ కావాలన్న తన కోరికని 2016 జనవరిలో బయటపెట్టి, మైనర్ లీగ్ మ్యాచ్‌కి వెళ్ళనని కూర్చుంటే టీమ్ సస్పెండ్ చేసింది. ఆ వారంలో అమ్మితే ఏం వచ్చేది? టాంపా జీఎం స్టీవ్ ఐజర్‌మన్ కదల్లేదు. డ్రూయిన్ తిరిగొచ్చి 2016-17లో 53 పాయింట్లు చేశాక, 2017 జూన్‌లో మాంట్రియల్‌కి పంపి మిఖాయిల్ సెర్గాచెవ్‌ని తెచ్చుకున్నాడు. ఆ డిఫెన్స్‌మన్‌తో టాంపా 2020, 2021లో రెండు కప్పులు గెలిచింది. డ్రూయిన్ మాంట్రియల్‌లో ఏ సీజన్‌లోనూ 53 దాటలేదు. బోస్టన్ దీనికి తలకిందులుగా చేసింది. టైలర్ సెగిన్ 2013 ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టాడని, ఆట మీద ధ్యాస లేదని విసిగిపోయి, 21 ఏళ్ళవాణ్ణి ఆ జులైలోనే డల్లాస్‌కి ఇచ్చేసింది. మరుసటి సీజన్‌లో 37 గోల్స్, 84 పాయింట్లు. షాట్లు అతనికి ఆ ప్లేఆఫ్స్‌లో కూడా బోలెడు ఉన్నాయి, పక్ లోపలికి పోలేదంతే.

మరి ఎప్పుడూ అమ్మకూడదా అంటే, కాదు. మీ టీమ్ కప్ దగ్గర్లో ఉండి, వచ్చేది ఆ ఖాళీని సరిగ్గా పూడ్చే ఆటగాడైతే అమ్మండి, తర్వాత కుర్రాడు ఎంత ఎదిగినా ఏడవకండి. సెయింట్ లూయిస్ థాంప్సన్‌ని ఇచ్చింది నిజమే, కానీ వచ్చిన ఓరైలీ 2019లో కప్ గెలిపించి కాన్ స్మైత్ తీసుకున్నాడు. అక్కడ ఎవరైనా ఆ ట్రేడ్ వెనక్కి తీసుకుంటామంటారా? బదులుగా వచ్చేది కేవలం పిక్స్ అయితే మాత్రం జాగ్రత్త. మొదటి రౌండ్ చివర్లో వచ్చే పిక్ అంటే మరో 18 ఏళ్ళ కుర్రాడు, అతను రావడానికి మూడు నాలుగేళ్ళు, వచ్చాక అతనికీ ఇవే తిప్పలు. అలా అమ్మేకంటే మరో టీమ్‌లో ఇలాగే ఇరుక్కుపోయిన అదే వయసు ఆటగాణ్ణి అడగడం మేలు.

ఉంచాలని తేలితే ఆ ఉంచడం సరిగ్గా చేయాలి. ఒక పొజిషన్, ఇద్దరు స్థిరమైన లైన్‌మేట్లు, రెండో పవర్ ప్లే యూనిట్‌లోనైనా చోటు, ఇరవై ఐదు మ్యాచ్‌ల గడువు, మధ్యలో ఒక తప్పు పాస్‌కి బెంచ్ మీద కూర్చోబెట్టడం ఉండకూడదు. మార్చి మొదట్లో వచ్చే ట్రేడ్ డెడ్‌లైన్‌కి అతని పేరు ప్రతి పుకారులో తిప్పకూడదు. ఇక వేసవిలో కాంట్రాక్ట్ లేకుండా, క్యాప్ నిండా నింపుకుని, గాల్లో వదిలేయకూడదు. 2024 ఆగస్టులో ఎడ్మంటన్‌కి జరిగింది అదే. డిలన్ హాలోవే అంతకుముందు సీజన్‌లో 38 మ్యాచ్‌ల్లో 9 పాయింట్లే చేశాడు. సెయింట్ లూయిస్ ఏడాదికి సుమారు 2.29 మిలియన్ల చొప్పున రెండేళ్ళకి ఆఫర్ షీట్ (మరో టీమ్ దగ్గర హక్కులున్న ఆటగాడికి నేరుగా ఇచ్చే కాంట్రాక్ట్ ఆఫర్) పెట్టింది. అంతే ఇచ్చి ఆటగాణ్ణి ఉంచుకోవడానికి పాత టీమ్‌కి ఉండే గడువు ఏడు రోజులే, క్యాప్‌లో చోటు చాలక ఎడ్మంటన్ వదిలేసింది, ఒక థర్డ్ రౌండ్ పిక్ చేతికొచ్చింది. 2024-25లో హాలోవే 63 పాయింట్లు చేశాడు.