తెలుగు సైట్‌లో ఒత్తులు తెగకుండా చూసుకోవడం ఎలా

కర్నూలులో బట్టల షాపులకు, విత్తనాల అంగళ్లకు వెబ్‌సైట్లు చేస్తుంటాను. డిజైన్ అంతా ఇంగ్లిష్‌లో ఓకే చేయించుకుని చివర్లో తెలుగు అతికించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. మొదటి రోజే అసలు తెలుగు మాటలు పెట్టండి.

ముందు ఒక బటన్ మీద 'వస్త్రాలయం' అని రాసి చూడండి. 'స్త్రా'లో త ఒత్తు, ర ఒత్తు రెండూ ఉన్నాయి. లైన్ హైట్ (వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఉంటే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. బటన్ ఎత్తు ఫిక్స్ చేసి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పొడుచుకొచ్చింది దాచేసే సెట్టింగ్) పెట్టారా, సగానికి తెగిపోతాయి. నేను లైన్ హైట్ 1.7 పెట్టి, ఎత్తును ప్యాడింగ్‌కే, అంటే అక్షరాల చుట్టూ ఇచ్చే ఖాళీకే, వదిలేస్తాను. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఖాళీ) సున్నా.

ఫాంట్ నోటో సాన్స్ తెలుగు, రెగ్యులర్, బోల్డ్ చాలు. ఫాంట్ డిస్‌ప్లే అనే సెట్టింగ్‌కు స్వాప్ ఇస్తే, ఈ ఫాంట్ నెట్ నుంచి దిగేలోపే ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో అక్షరాలు కనిపిస్తాయి. నెట్ స్లోగా ఉండే పల్లెల్లో ఇది చాలా ముఖ్యం.

తర్వాత ఓనర్ సొంత ఫోన్‌లోనే తెరిపించండి. "అన్నా, ఈ చీర రేటెంతో చదివి చెప్పు" అని అడగండి. కళ్లు చిట్లిస్తే సైజు పెంచండి. ఇంగ్లిష్‌కు 16 పిక్సెల్స్ సరిపోవచ్చు, తెలుగుకు నేను 18 కంటే తగ్గను.