ముక్కు స్ప్రే పనిచేయట్లేదా? కొట్టే పద్ధతి ఒకసారి సరిచూసుకోండి

డస్ట్ అలర్జీకి నాకు రాసిచ్చిన మొదటి ముక్కు స్ప్రే సగం కూడా అవకుండానే అల్మరాలో పడిపోయింది. నాలుగు రోజులు కొట్టాను. తుమ్ములు తగ్గలేదు సరికదా, ఎడమ ముక్కులోంచి కర్చీఫుకి ఎర్రటి చుక్కలు అంటుకున్నాయి. ఈ మందు నాకు పడలేదనుకుని మళ్లీ సెట్రిజిన్ బిళ్లలకే వచ్చేశాను. రెండేళ్ల తర్వాత వేరే ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన చీటీ రాయకముందే సీసా నా చేతికిచ్చి, "ఏదమ్మా, నా ముందు ఒకసారి కొట్టి చూపించండి" అన్నారు. తల వెనక్కి వాల్చి, సీసా నిటారుగా పెట్టి, ఒక్క నొక్కు నొక్కి చర్రున ఎగబీల్చాను. మందు చేదుగా గొంతులోకి దిగింది. "అదిగో, మింగేశారు. ఇక ముక్కులో ఏం మిగిలింది?" అన్నారు.

అంతకుముందు ఆ మందు రాసిన వాళ్లు గానీ, అమ్మిన వాళ్లు గానీ ఎలా కొట్టాలో చెప్పలేదు. చాలామంది పరిస్థితి ఇదే. అందుకే ఆ రోజు ఆయన నేర్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ వరసగా రాస్తున్నాను.

స్టిరాయిడ్ అంటే భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

అలర్జీలో ముక్కు మూసుకుపోవడానికి అసలు కారణం చీమిడి కాదు, లోపలి పొర వాయడం. నేను చెప్తున్నది ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టిరాయిడ్ స్ప్రేల గురించి, అవి ఆ వాపునే తగ్గిస్తాయి. ఇబ్బంది ఓ మోస్తరుగానో, ఎక్కువగానో ఉన్నవాళ్లకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు సూచించేది వీటినే. ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ స్ప్రే నుంచి ఒంట్లోకి చేరేది సగటున నూటికి రెండు పాళ్లకన్నా తక్కువే, కాబట్టి మింగే స్టిరాయిడ్ బిళ్లలతో దీన్ని పోల్చకూడదు. అయినా గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), కంటిలో శుక్లం ఉన్నవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి. పిల్లలకైతే డాక్టర్ చెప్పిన మోతాదు దాటకూడదు, ఎత్తు పెరుగుతున్నారో లేదో మధ్యమధ్య చూపించుకోవాలి.

ముందు ముక్కు కడగాలి

చీమిడి పేరుకుపోయిన ముక్కులో మందు కొడితే అది చీమిడి మీదే పడుతుంది. అందుకే ముందు ఉప్పునీళ్లతో కడుక్కోవాలి. యోగాలో భాగంగా ముక్కులో నీళ్లు పోసి కడుక్కునే జలనేతి చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. మెడికల్ షాపుల్లో దొరికే పిండే సీసాతోనూ, కొమ్ముండే జలనేతి పాత్రతోనూ చేసుకోవచ్చు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనవి నీళ్లు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడకండి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు నేగ్లేరియా అనే అమీబా సోకి చనిపోయారు. కేరళలో చెరువుల్లో స్నానం చేసినవాళ్లకు వచ్చిందని వార్తల్లో వింటున్న 'మెదడును తినే అమీబా' ఇదే. ఈ నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి పోతేనే ప్రాణాంతకం. క్యాన్ నీళ్లు, ప్యూరిఫయర్ నీళ్లు కూడా తాగడానికే. అవైనా సరే తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. లేదంటే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోవాలి.

ఉప్పు పాకెట్లు సీసాతోపాటే వస్తాయి. ఇంట్లో కలుపుకోవాలంటే అయోడిన్ లేని ఉప్పు మూడు చెంచాలు, వంట సోడా ఒక చెంచా కలిపి పొడి డబ్బాలో పెట్టుకోండి. ఇక్కడ చెంచా అంటే టీ స్పూను. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకూడదు. 240 మిల్లీలీటర్ల నీళ్లకు, అంటే పెద్ద గ్లాసుడు నీళ్లకు, ఆ పొడి ఒక చెంచా. మంటగా ఉంటే కొంచెం తగ్గించండి. ఉప్పు అసలు వేయకుండా ఒట్టి నీళ్లు పోస్తే మాత్రం ముక్కు భగ్గుమంటుంది.

వాష్‌బేసిన్ మీదికి వంగి, తల కాస్త పక్కకు తిప్పండి. నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తూ, పై రంధ్రంలోంచి మెల్లగా పొయ్యండి. నీళ్లు లోపల తిరిగి కింది రంధ్రంలోంచి జారుతాయి. గొంతులోకి దిగుతున్నట్టుంటే తల ఇంకాస్త ముందుకు వంచి, "ఆ" అని సన్నగా అనండి. రెండోవైపు కూడా అయ్యాక ముందుకు వంగి, రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి మెల్లగా చీదండి. ఒకటి మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవివైపు పోతాయి. చెవిపోటు ఉన్నప్పుడు, రెండు రంధ్రాలూ పూర్తిగా మూసుకుపోయినప్పుడు కడగకండి. సీసాను రోజూ మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి.

ఇప్పుడు స్ప్రే

పది నిమిషాలు ఆగి, అద్దం ముందు నిలబడండి.

1. సీసా బాగా ఊపండి. కొత్త సీసా అయితే సన్నటి పొగమంచులా వచ్చేదాకా గాల్లోకి నాలుగైదుసార్లు కొట్టండి. చాలా రోజులు వాడకుండా పెట్టినా ఇలాగే చేయాలి.

2. తల కొంచెం ముందుకు వంచండి, కాలివేళ్లు చూస్తున్నట్టు. వెనక్కి వాల్చారంటే మందు గొంతులోకి పోయినట్టే.

3. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొట్టాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చెయ్యి మారిస్తే సీసా మూతి దానంతటదే ముక్కు మధ్య గోడ నుంచి పక్కకు, అదేవైపు చెవివైపు తిరుగుతుంది. నా కర్చీఫు మీద ఎర్రచుక్కలకు కారణం ఆ మధ్య గోడ. మందు రోజూ తిన్నగా దానికే తగులుతుంటే పొర ఎండిపోయి, చిట్లి రక్తం వస్తుంది.

4. నొక్కుతూ మామూలుగా, మెల్లగా గాలి పీల్చండి, పూవు వాసన చూసినంతగా. ఎగబీల్చొద్దు. గొంతులో చేదు తగిలిందంటే గట్టిగా పీల్చారన్నమాట. రేపు ఇంకొంచెం మెల్లగా చేయండి.

5. పది పదిహేను నిమిషాలపాటు చీదకండి. పైపెదవి మీదికి కాస్త కారితే తుడుచుకోండి చాలు. సీసా మూతి శుభ్రమైన గుడ్డతో తుడిచి మూతపెట్టండి.

ఎన్నిసార్లు కొట్టాలనేది డాక్టర్ చెప్పినట్టే. దీన్ని పళ్లు తోముకోవడంలా రోజూ వాడాలి, తుమ్ములొచ్చిన రోజున మాత్రమే వాడితే లాభం లేదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లో తేడా తెలిసినా, పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు. నేను నాలుగో రోజున ఆపేయడం రెండో తప్పు. ఏటా ఒకే కాలంలో ఇబ్బంది పడేవాళ్లు, ఉదాహరణకు వయ్యారిభామ పూతకో, కోతల దుమ్ముకో, ఆ కాలం మొదలవడానికి వారం పది రోజుల ముందే మొదలుపెట్టాలి.

ఆపాల్సినవి

వెంటనే ముక్కు తెరిచే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకు మించితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. దిండు కింద ఆ సీసా లేనిదే నిద్రపట్టని వాళ్లను నేను చూశాను. వాళ్లు సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్తే మానడానికి దారి ఉంది.

జలుబు బిళ్లల్లో ఉండే ఫినైలెఫ్రిన్ నోటితో తీసుకుంటే ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందుతో ఇది కలిసిన మందుల్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని అదే ఏడాది చివర మన దేశంలోనూ ఆదేశాలిచ్చారు. ఇంట్లో ఉన్న సిరప్ సీసా మీద పేర్లు ఒకసారి చదవండి.

ఇక ఆవిరి. మా అమ్మ దుప్పటి కప్పి పట్టించే ఆవిరంటే నాకూ ఇష్టమే, తల తేలికవుతుంది. కానీ 2016లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో, తరచూ సైనస్‌తో బాధపడే 871 మందిని తీసుకుని చూస్తే, ఆవిరితో తలనొప్పి కొంత తగ్గింది తప్ప మిగతా లక్షణాల్లో పెద్ద తేడా రాలేదు. ముక్కు కడిగినవాళ్లకు కొంత మేలు కనిపించింది. చిన్నపిల్లలకు మాత్రం మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలే ప్రమాదం చాలా ఎక్కువ.

జలుబుతోపాటు సైనస్ బరువెక్కిన ప్రతిసారీ యాంటీబయోటిక్ అక్కర్లేదు. అవి ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేవే. పది రోజులైనా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరితేనో డాక్టర్ ఆలోచిస్తారు.

నెల రోజులు సరిగ్గా వాడినా తగ్గకపోతే

అప్పుడు తర్వాతి మెట్టు ఎక్కాలి. స్టిరాయిడ్‌తోపాటు అజెలాస్టిన్ అనే అలర్జీ మందు కలిసిన స్ప్రే ఒకటుంది, అది త్వరగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఇమ్యునోథెరపీ. ఏది పడదో పరీక్షలో తేల్చి, దాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో, నాలుక కింద చుక్కలు, బిళ్లలుగానో ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తారు. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇక్కడ ఓపిక చాలా ముఖ్యం. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో గడ్డి పుప్పొడి అలర్జీకి రెండేళ్లు నాలుక కింద మందు తీసుకుని ఆపేసినవాళ్లకు, మరో ఏడాదికి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకన్నా మేలేమీ మిగల్లేదు. కనీసం మూడేళ్లు అనేది అందుకే. మధ్యలో ఆపేలా ఉంటే, డబ్బు పెట్టకముందే బాగా ఆలోచించుకోండి.

ముక్కులో పాలిప్స్, అంటే మెత్తటి కండలు, పెరిగి, ఆపరేషన్ చేయించినా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు ఇప్పుడు బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్ మందులు వచ్చాయి. అమెరికాలో ఈ జబ్బుకు మొదట 2019లో డ్యుపిలుమాబ్‌కు అనుమతి దొరికింది. అలాంటిదే మరో మందు టెజెపెలుమాబ్ మీద 2025లో వెలువడిన అధ్యయనంలో 408 మందిని ఏడాదిపాటు చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో నూటికి 22 మందికి ఆపరేషన్ అవసరమని తేలితే, అసలు మందు తీసుకున్నవాళ్లలో అది నూటికి ఒక్కరి కన్నా తక్కువ. ఖరీదు మామూలు కుటుంబం మోయలేనంత ఎక్కువ, అందుకే ముందు చవకైన స్ప్రేని సరిగ్గా వాడి చూడాలని పట్టుబట్టి చెప్తున్నాను.

ఒకవైపు ముక్కే నెలల తరబడి మూసుకుపోయినా, ఆ వైపునుంచే రక్తం వస్తున్నా, దాన్ని అలర్జీ ఖాతాలో వేయకండి, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. కంటిచుట్టూ వాపు, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పితో జ్వరం, మెడ బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆ స్ప్రే సీసాతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.