లండన్ సిస్టమ్: మంత్రి బి6కి వచ్చినప్పుడు

చెస్ గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక మా గుంటూరు వాళ్లు కావడంతో ఇక్కడ చిన్న పిల్లల్ని కూడా చెస్‌కి పంపుతారు. బ్రాడీపేటలో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు నేర్పుతాను. తెల్లపావులతో మొదట చెప్పేది లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి. పిల్లలకే అనుకోకండి, 2023లో అస్తానాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమును చైనా ఆటగాడు డింగ్ లిరెన్ దీంతోనే గెలిచాడు.

గడి పేరులో అక్షరం నిలువు వరస (తెల్లవైపు ఎడమ నుంచి ఎ–హెచ్), అంకె అడ్డ వరస (తెల్లవైపు నుంచి 1–8); ఉత్త గడి పేరే చెబితే బంటు అక్కడికి వెళ్లిందని. మంత్రి ముందున్న బంటు డి4కి, బిషప్ (శకటు) ఎఫ్4కి, ఆ తర్వాతే ఇ3. ఇ3 ముందు ఆడితే ఆ బిషప్ సొంత బంటు వెనక ఇరుక్కుపోతుంది. పైన సి3, గుర్రాలు ఎఫ్3, డి2, రెండో బిషప్ డి3. హెచ్3 కూడా వేస్తే, నల్ల గుర్రం హెచ్5కి వచ్చినప్పుడు మన బిషప్ హెచ్2కి తప్పుకుంటుంది.

కిందటి నెల ఒక పాప ఈ వరసను కంఠతా పట్టి వచ్చింది. సి3 దాకా బాగానే ఆడింది. ఎదుటి బాబు సి5 ఆడి, గుర్రాన్ని సి6కి దింపి, మంత్రిని బి6కి తెచ్చాడు. పాప అటు చూడనే లేదు. చెయ్యి అప్పటికే బిషప్ మీద ఉంది, డి3లో పెట్టేసింది. ఆట మధ్యలో నేను నోరు మెదపను. బి2 బంటు పోయింది, ఏనుగును కాపాడుకునేలోపు సి3 బంటూ పోయింది. పాప కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సి1 నుంచి బిషప్ కదలగానే బి2కి కాపలా పోతుంది. ఈ ఓపెనింగ్‌లో ఉన్న బలహీనత అదే. అందుకే సి5 కనబడితే, ఇ3 వేశాక సి3 ఆలస్యం చేయొద్దు. అది లేకపోతే మన మంత్రికి దారి ఉండదు. మంత్రి బి6కి వస్తే మనదీ బి3కి, ఎదురెదురుగా. వాళ్లు కొడితే ఎ2లో ఉన్న బంటుతో తిరిగి కొట్టండి, ఏనుగుకు దారి తెరుచుకుంటుంది. సి4తో తరిమితే సి2కి రండి, బి2 కాపలా అక్కడినుంచీ ఉంటుంది. తర్వాత ఇ4 తోయడానికి చూడండి.

నల్లవాళ్లు జి6 వేస్తే రెండో బిషప్ డి3లో గోడకేసి చూస్తూ ఉంటుంది, ఇ2లో పెట్టండి.

ఈ వారం పది గేములాడండి. నల్లపావులు తీసుకున్నవాళ్లను సి5, మంత్రి బి6 తప్పకుండా ఆడమనండి. ఆ పాప ఇప్పుడు వాళ్ల నాన్నతో అదే చేస్తోంది.